మంచు కింద గీతలు

నూట నలభై గళ్లు.
స్కూలు అమ్మింది రెండొందల పన్నెండు పర్మిట్లు.
ఇదెలా కుదిరిందని
లెక్కల మాస్టారు హాల్వర్సన్‌ని అడిగాను.
"రోజూ కొందరికి జలుబు చేస్తుందిగా" అన్నాడు.

ఇనుప గనిలో ముప్పై ఏళ్లు చేసి
ఇప్పుడీ రేకు గదిలో కూర్చున్నాను,
కాళ్ల దగ్గర హీటరు, ఒళ్లో రిజిస్టరు.
ఉత్తర మిన్నెసోటా. జనవరి.
ఆరింటికి ఇంకా చీకటే గానీ
ముందు వరస నిండిపోతుంది.
చోటు పట్టుకుని, సీటు వెనక్కి వాల్చి
గంటన్నర నిద్రపోతారు పిల్లలు.
ఊపిరికి అద్దాలన్నీ పాలిపోయి
కార్లు పొదుగుతున్న గుడ్లలా ఉంటాయి.

మంచు పడిందంటే పసుపు గీతలు మాయం.
ఇక ఎవడి గీత వాడిదే.
ఒకడు ఏటవాలుగా పెడతాడు,
వాడిని చూసి పక్కవాడు,
తొమ్మిదో కారు దగ్గరికొచ్చేసరికి
వరసంతా వంకర.
మంచు తోసే బండి వచ్చి
ఇంకో ఇరవై గళ్లని గుట్ట కింద పూడ్చేస్తుంది.

అలాంటి ఒక మంగళవారం
టోబిన్ ఆస్కె బ్యూక్‌ని ఎవరో గుద్దేశారు.
వెనక తలుపు సొట్ట.
ఎడమ పక్క అద్దం లేనే లేదు.
వాళ్ల నాయనమ్మ పద్దెనిమిదేళ్లు
గోటి గీత పడకుండా నడిపిన కారు.
ఆవిడ టిష్యూ పెట్టె, అల్లిన గౌనుతో,
వెనక అద్దం దగ్గర ఇంకా అలాగే ఉంది.
వాడు అరవలేదు.
గ్లవ్ తీసి, సొట్టలో అరచెయ్యి పెట్టి
కాసేపు నిలబడ్డాడు,
జ్వరం చూస్తున్నట్టు.

ఆఫీసులో బోర్డు చూపించారు:
వాహనాలకు జరిగే నష్టానికి పాఠశాల బాధ్యత వహించదు.
కెమెరాలో పట్టిందీ చూపించారు:
తెరనిండా తెలుపు.
దాని కంట్లో మంచు శుక్లం.

నాకు తెలుసు.
సొట్టకి అంటిన నీలం
నేను రోజూ చూసే నీలమే.
కెజాయా డ్యూకెట్. మేనమామ పాత పికప్.
తెల్లవారుజామున మూడింటి నుంచి బేకరీలో పిండి పిసికి
ఎనిమిదింటికి క్లాసుకొస్తుంది.
పర్మిట్ ఎనభై డాలర్లు.
చెత్తడబ్బాల పక్కన పెట్టుకుంటుంది,
నేను అటు చూడను.
ఆ రోజు నా కిటికీ ముందు ఆగింది
తేలు కుట్టిన దొంగలా.
"చలిగా ఉంది" అంది.
"ఉంది" అన్నాను.

శుక్రవారం బ్యూక్ వైపర్ కింద
బేకరీ కవరు.
లోపల ఐదు డాలర్ల నోటు, దాల్చినచెక్క బన్ను.
మరుసటి శుక్రవారం కూడా.
ఆ తర్వాతా.
బన్ను గడ్డకట్టి రాయిలా ఉండేది.
కారు హీటర్ గాలికి పెట్టి
మెత్తబడ్డంతమేర కొరుక్కు తినేవాడు టోబిన్.
ఎవరని నన్ను అడగలేదు.
అడిగితే ఏం చెప్పేవాణ్నో!
గనిలో ఒకసారి ఒకడి తప్పు కళ్లారా చూసి
చెప్పాను. ఉద్యోగం పోయింది వాడికి.
నేను చెప్పింది నిజమే.
అయినా వాడి పేరు ఇప్పటికీ నా నోట రాదు.

తొమ్మిదో శుక్రవారం
కవరు కన్నా ముందే వైపర్ కింద
ఒక కాగితం ఉంది, నోటుబుక్కులోంచి చింపింది:
"బాకీ తీరింది. బన్ను మాత్రం ఆపొద్దు."
కెజాయా చదివి చుట్టూ చూసింది.
నేను రిజిస్టర్లోకి చూశాను.
ఆనాటి పేజీలో రాసింది:
విశేషాలేమీ లేవు.

ఏప్రిల్లో గుట్ట కరిగి
మింగినవన్నీ కక్కింది.
ఎర్ర లైటు ముక్కలు, ఒంటి గ్లవ్,
ఉబ్బిపోయిన కెమిస్ట్రీ పుస్తకం,
బ్యూక్ అద్దం.
చిత్రం, పగల్లేదు.

గీతలూ తేలాయి. నూట నలభై గళ్లు.
ఇవాళ ఆరుంబావుకి ఎవడో
సరిగ్గా గీత మీద
రెండు గళ్లూ ఆక్రమించి పెట్టాడు.
తిట్టుకుంటూ వెళ్లి అద్దం తడితే, టోబిన్.
"ఏమిటిది?" అన్నాను.
"ఎనిమిదింటికి జరుపుతాను" అన్నాడు,
చెత్తడబ్బాల వైపు చూడకుండా.

టికెట్ రాయాలి నేను.
పెన్నులో సిరా గడ్డకట్టిందని చెప్పాను.
ఏప్రిల్లో.